శాలువానా, చందానా, చేతిసాయమా? మాజీ సైనికుల కుటుంబాలకు ఏది మేలు?

చిత్తూరులో మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం ఏటా తలా కొంత వేసుకుని ఏదో ఒక మంచి పనికి ఖర్చు పెడుతుంటాం. ఈసారి జమైంది 60,000 రూపాయలు. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం కాబట్టి మాజీ సైనికులకే పెడదామని అందరూ ఒప్పుకున్నారు. ఎలా పెట్టాలన్న దగ్గర మాత్రం మాట తెగలేదు. సన్మాన సభ పెడదామన్నారు కొందరు. మాజీ సైనికుల సంక్షేమానికి కేంద్రం నడిపే పతాక నిధికి కట్టేద్దాం, రసీదు వస్తుంది, గొడవ ఉండదన్నారు ఇంకొందరు. ఒక సైనికుడి బిడ్డకు కాలేజీ ఫీజు కడదామన్నది మూడో మాట. నేను నాలుగోది అడిగాను. డబ్బు సరే, నెలకు రెండు ఆదివారాలు మనలో ఎవరిస్తారు? వాట్సాప్ గ్రూపులో కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.

సన్మానం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే పోయినేడు మేం చేసింది అదే. హాలు అద్దె, ఫ్లెక్సీలు, మైకు, స్టేజీ మీద పూలు, అందరికీ టిఫిన్లు. ఖర్చంతా పోగా ఆ పెద్దాయనల చేతికి చేరింది ఒక శాలువా, ఒక మెమెంటో. సభ పదింటికి అన్నాం. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు దాటింది. పూతలపట్టు వైపు పల్లె నుంచి వచ్చిన సుబేదారు ఒకాయన, ఎనభైకి దగ్గర పడిన మనిషి, 1971 యుద్ధం చూసినాయన, ఆ రెండు గంటలూ ప్లాస్టిక్ కుర్చీలో నడుం వాల్చకుండా కూర్చున్నాడు. మాకే సిగ్గేసింది. ఆయన పెద్దరికం అది, ఒక్క మాట అనలేదు. సభ అయ్యాక నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "నాయనా, నువ్వు కంప్యూటర్ పని చేస్తావంట కదా. పెన్షన్ కాగితంలో మా ఇంటామె పేరు వేరేగా పడి ఉంది. యాడ అడగాలో చెప్తావా?"

నాకు తెలీదు. తెలుసుకుని చెప్తానన్నాను. శాలువా కప్పడానికి నలభై మందిమి ఉన్నాం, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. ఈ వ్యాసం అక్కడ మొదలైందనుకోండి.

అలాగని సన్మానం దండగ అనను. తిరుపతి వాళ్లకు గుర్తుండే ఉంటుంది, 1971 విజయానికి యాభయ్యో ఏడు మొదలైనప్పుడు, 2021 ఫిబ్రవరిలో, ఆ గెలుపు గుర్తుగా దేశమంతా తిప్పిన కాగడా, స్వర్ణిమ విజయ జ్యోతి, తిరుపతికి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి, ఆ యుద్ధంలో మహావీర చక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ ఇంటికి తానే వెళ్లి సత్కరించారు. పెద్దాయనను స్టేజీ కింద కూర్చోబెట్టి ఎదురుచూడనీయలేదు. గౌరవమే ఇంటికి నడిచి వెళ్లింది. మా సభకూ దానికీ తేడా డబ్బులో లేదు.

ఇంకో చిక్కు తేదీది. జనవరి 14 మాజీ సైనికుల దినోత్సవం. భారత సైన్యానికి తొలి భారతీయ కమాండర్-ఇన్-చీఫ్ అయిన కె.ఎం. కరియప్ప 1953లో పదవీ విరమణ చేసింది ఆ రోజే. కానీ మన జిల్లాల్లో ఆ తేదీకి భోగి మంటో, సంక్రాంతి పొంగలో తప్ప ఇంకేం గుర్తుంటుంది? ఊరంతా పండగ హడావిడిలో ఉంటే సభకు వచ్చేదెవరు? కాబట్టి అందరూ డిసెంబర్ 7నే పట్టుకుంటారు.

పతాక నిధి గురించి పెద్దగా వాదించాల్సిందేమీ లేదు. 1949 నుంచి ఆ రోజు జరుపుతున్నారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితపు జెండా, చొక్కాకు గుండుసూది. మా తరం బడిలో డబ్బులిచ్చి కొనుక్కున్నదే. ఇప్పుడు మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్లో నేరుగా కట్టొచ్చు, ఆదాయపు పన్నులో రాయితీ ఉంది. కంపెనీలైతే సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద తీసిపెట్టే డబ్బు కూడా ఈ పనికి వాడుకోవచ్చు. మధ్యలో తినేవాడు ఉండడు, లెక్క ఉంటుంది. తీరిక లేనివాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. మా బ్యాచ్‌లో దుబాయ్‌లో, బెంగళూరులో ఉన్నవాళ్లు దీనికే ఓటేశారు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

కానీ ఆ నిధిలోకి డబ్బు వెళ్లడం ఒక ఎత్తు, బయటికి రావడం ఇంకో ఎత్తు. అడగనివాడికి అది రాదు. ఉదాహరణకు, జవానుకు పెన్షన్ రావాలంటే కనీసం పదిహేనేళ్ల సర్వీసు నిండాలి. యుద్ధాల కాలంలో చేరి, అది నిండకముందే ఇంటికొచ్చేసినవాళ్లు పాత తరంలో ఉన్నారు. వాళ్లకు పెన్షన్ లేదు. అలాంటివాళ్లలో 65 దాటి, హవల్దారు స్థాయి వరకు మాత్రమే ఎదిగి, జరుగుబాటు లేనివాళ్లకూ, వాళ్ల వితంతువులకూ ఆ నిధిలో భాగంగానే నెలనెలా సాయం ఉంది. మొన్నటిదాకా 4,000 రూపాయలు ఉండేది, 2025 నవంబర్ నుంచి వచ్చే దరఖాస్తులకు 8,000 చేశారు. దీనికి దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి, జిల్లా సైనిక సంక్షేమ అధికారి దాన్ని పరిశీలించి పైకి పంపాలి. మామిడితోటలో కాపలా ఉండే డెబ్బై ఐదేళ్ల ముసలాయనకు ఆన్‌లైన్ అంటే ఏం చెబుతాం?

ఇక్కడ లెక్క వేసి చూడండి. మా 60,000 నిధికి కడితే అది ఒక్కసారి వెళ్లే డబ్బు. ఒకే ఒక్క మనిషి దరఖాస్తు తప్పుల్లేకుండా వెళ్లి మంజూరైతే ఏడాదికి 96,000. దానికి అయ్యే ఖర్చు బస్సు చార్జీలు, జిరాక్సులు, ఒక అరపూట.

ఫీజు కట్టడం కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది, కాకపోతే కొంచెం వేరుగా. ఇంజినీరింగు, మెడిసిన్, బీఎడ్ లాంటి వృత్తి కోర్సుల్లో చేరే మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 5,500 మందికి, అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. ఇంటర్‌లో 60 శాతం రావాలి, మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. అంటే అమ్మాయికి ఏడాదికి 36,000 సర్కారే ఇస్తుంది, తేదీ దాటనంతవరకు. హవల్దారు స్థాయి వరకు ఉన్నవాళ్ల పిల్లలకు ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇచ్చే విద్యా సాయం వేరే ఉంది. దాన్ని కూడా నెలకు వెయ్యి నుంచి రెండు వేలకు పెంచారు, ఇద్దరు పిల్లల వరకు. కాబట్టి మన డబ్బు పెట్టాల్సింది ఎవరికంటే, ఆ తేదీ జారిపోయిన పిల్లలకు. మా గ్రూపులో టీచరుగా చేసే ఆమె ఒక మాట అంది: "రెండో సంవత్సరంలో ఉన్న పిల్ల దొరికితే ఆమెకు కట్టండి, మొదటి సంవత్సరం పిల్లకైతే ఫారం నింపండి." నేను పది వాక్యాల్లో చెప్పింది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఇక నా నాలుగో మాట, కాగితాల సాయం. ఆ సుబేదారు ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే నాకు అర్థమైంది ఇదీ.

పెళ్లయ్యాక సెలవు ముగించుకుని యూనిట్‌కు తిరిగి వెళ్లిన జవానును క్లర్కు భార్య పేరు అడుగుతాడు. ఇంట్లో పిలిచే పేరు 'లక్ష్మమ్మ' అని ఈయన చెబుతాడు. తెలుగు రాని ఆ క్లర్కు తన చెవికి వినిపించినట్టు రాసుకుంటాడు. నలభై ఏళ్ల తర్వాత ఆధార్‌లో ఆమె 'లక్ష్మీదేవి'. ఓటరు కార్డులో ముందు పుట్టింటి పేరు ఉంటుంది. పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు కాబట్టి ఆధార్‌లో జనవరి 1 అని వేసి ఉంటారు. ఆయన బతికున్నంత కాలం పెన్షన్ సాఫీగా వస్తుంది, ఈ తేడా ఎవరికీ కనపడదు. ఆయన పోయిన మర్నాడు కనపడుతుంది. ఈ లక్ష్మీదేవి ఎవరని కాగితం అడుగుతుంది, జవాబు చెప్పాల్సిన మనిషి లేడు.

అందుకే ఆయన ఉండగానే సరిచేయించుకోవాలి. అఫిడవిట్, ఆధార్ నకళ్లు, సర్వీసు ముగిశాక ఇచ్చే డిశ్చార్జ్ బుక్ నకలు పెట్టి, సైనికుల వివరాలు దాచే తన రికార్డ్ ఆఫీసుకు రాయాలి. వాళ్లు ఆ మార్పును నమోదు చేస్తూ పార్ట్-2 ఆర్డర్ ఇస్తే అప్పుడు పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో పేరు మారుతుంది. ఏ రికార్డ్ ఆఫీసు అన్నది చేసిన రెజిమెంటును బట్టి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఇంజినీరింగు పనులు చేసే మద్రాస్ శాపర్స్ అయితే బెంగళూరు, వాహనాలు, యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ అయితే సికింద్రాబాద్, ఫిరంగి దళమైన ఆర్టిలరీ అయితే నాసిక్. మా సుబేదారుది నాసిక్. బెంగళూరు అయ్యుంటే పొద్దున బస్సెక్కి రాత్రికి ఇంటికి రావచ్చు.

పెన్షన్ సంగతి కూడా మారింది. ఒకప్పుడు బ్యాంకులో వచ్చేది, కౌంటర్లో ఉన్నవాడు ముఖం చూసి గుర్తుపట్టేవాడు. ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతి, డబ్బు ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ కార్యాలయం నుంచి నేరుగా ఖాతాలో పడుతుంది. పద్ధతి మంచిదే. కానీ ఇచ్చిన ఫోన్ నంబరు కొడుకుది, కొడుకు ఉండేది ఇంకో ఊళ్లో, ఓటీపీ వచ్చేది వాడికి. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. చెరుకు నరికి, బెల్లం వండి అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడదు. ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చని, 2021 నుంచే ఆ సౌకర్యం ఉందని నేను అడిగిన నలుగురిలో ముగ్గురికి తెలీదు.

భర్త పోయిన ఇంట్లో ఇంకో మెలిక. కుటుంబ పెన్షన్ అంతా ఒకటే రకం కాదు. మామూలు మరణమైతే, మొదట కొన్నేళ్లు ఎక్కువ ఇచ్చినా, ఆ తర్వాత చివరి జీతంలో 30 శాతం, సర్వీసు కారణంగా అని తేలితే 60 శాతం, యుద్ధరంగంలో అయితే పూర్తి జీతం. 2021 డిసెంబర్ 8న, పతాక దినోత్సవం మర్నాడే, కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన ఎగువరేగడ కుర్రాడు లాన్స్ నాయక్ సాయితేజ పోయినప్పుడు అప్పటి చిత్తూరు జిల్లా మొత్తం కదిలింది. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు ఇచ్చింది. ఇవ్వాల్సిందే. సెలవులో వచ్చి బైకు యాక్సిడెంటులో పోయినవాడి ఇంటి ముందు, గుండెపోటుతో యూనిట్లోనే పోయినవాడి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టరు. ఆ ఇంట్లోనూ చిన్నపిల్లలుంటారు. 30, 60 మధ్య తేడా ఎంక్వైరీ కాగితాల్లో ఏం రాసి ఉందన్న దాని మీదే ఉంటుంది, ఆ కాగితం ఆమె ఎప్పుడూ చదివి ఉండదు.

ఈ సాయంలోనూ ఇబ్బందులున్నాయి, దాచడమెందుకు. మొదలుపెట్టిన ఉత్సాహం మూడో నెలకు చల్లబడుతుంది. పాస్‌వర్డ్, ఓటీపీ మన చేతికి ఇస్తామంటారు పాపం, తీసుకోకూడదు. లైఫ్ సర్టిఫికెట్ పేరుతో ఫోన్లు చేసి పెన్షనర్ల ఖాతాలు ఊడ్చేస్తున్న కాలం ఇది. మనం మంచివాళ్లమే అయినా, ఇంకెవరికైనా సరే ఇచ్చే అలవాటు వాళ్లకు చేయకూడదు. ఆయన ఫోన్లో, ఆయన వేలితోనే, పక్కన కూర్చుని చేయించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి చెప్పకుండా సొంత దుకాణం తెరవకూడదు. ఇంకొకటి, ఈ పనికి ఫోటో రాదు. మా ప్రెసిడెంటుకు అదే పెద్ద బాధ.

చివరికి రెండు గంటలు వాదించుకుని ఇలా తేల్చుకున్నాం. 20,000 పతాక నిధికి, దూరంగా ఉన్నవాళ్ల పేరున. 25,000 స్కాలర్‌షిప్ తేదీ తప్పిపోయిన ఒక అమ్మాయి రెండో ఏడాది ఫీజుకు. మిగిలిన 15,000 ప్రయాణాలకు, నకళ్లకు, నోటరీకి. ఆదివారాలకు ఆరుగురు పేర్లిచ్చారు, అందులో ఇద్దరు వస్తారని నా నమ్మకం. శాలువాలకు విడిగా రూపాయి లేదు. ప్రెసిడెంటు తన జేబులోంచి ఒకటి కొంటానన్నాడు, సభలో కాదు, ఆ సుబేదారు ఇంటికి వెళ్లి కప్పుతాడట. సరే అన్నాం. అఫిడవిట్ మీద సంతకాలు కూడా అప్పుడే అయిపోతాయి.

వస్తున్నామని చెప్పడానికి నిన్న ఫోన్ చేశాను. "డిసెంబర్ ఏడు నాడా? రండి నాయనా. పొద్దన్నే ఏడుకంతా వచ్చేయండి, ఎనిమిదికి నేను తోట కాడికి పోవాల" అన్నాడు.