ఇటాలియన్ నేర్చుకోవడానికి ఒక వేసవి: ఫ్లోరెన్సా, పెరూజానా?

మా అక్క కూతురు డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. వచ్చే వేసవిలో ఇటలీ వెళ్ళి, ఒక నెల ఇటాలియన్ నేర్చుకుని రావాలని దాని ఆశ. మొన్న ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు రెండు ఊళ్ళలోనూ చదివావు కదా. ఫ్లోరెన్స్ వెళ్ళనా, పెరూజా వెళ్ళనా?" అని అడిగింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ఇదే సందేహంలో ఉన్న మరికొందరికీ పనికొస్తుందని కూర్చుని రాస్తున్నాను.

నేను ఒక జూలైలో ఫ్లోరెన్స్‌లో నాలుగు వారాలు ఉన్నాను. రెండేళ్ళ తర్వాత మళ్ళీ జూలైలోనే పెరూజాలో నాలుగు వారాలు. రెండుచోట్లా క్లాసు రోజుకి నాలుగు గంటలే. టీచర్లు రెండుచోట్లా శ్రద్ధగా చెప్పారు. పాఠ్యపుస్తకాలు కూడా ఇంచుమించు ఒకే తీరు. తేడా అంతా క్లాసు అయ్యాకే వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పడుకునేదాకా ఉండే ఆ తొమ్మిది పది గంటలు ఏ భాషలో గడుస్తాయి? ఊరు ఎంచుకునేటప్పుడు ముందుగా అడగాల్సింది ఇదే అని నా నమ్మకం.

ఫ్లోరెన్స్‌లో మొదటి రోజు పొద్దున్నే బార్‌కి వెళ్ళాను. ఇటలీలో బార్ అంటే నిలబడి కాఫీ తాగే చోటు. రాత్రంతా బట్టీపట్టిన వాక్యాన్ని అప్పజెప్పాను. కౌంటర్ దగ్గరాయన నా మొహం చూసి ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఆయన్ని తప్పు పట్టలేం. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు, నేను మాట వెతుక్కునేదాకా ఆగే తీరిక ఆయనకి లేదు. మర్నాడు కూరగాయల దగ్గర అదే, బస్సు టికెట్ దగ్గర అదే. ఫ్లోరెన్స్ పాత నగరం చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరకి అరగంటలో నడిచేయొచ్చు. వేసవిలో ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చే యాత్రికులంతా అందులోనే తిరుగుతారు. వాళ్ళకి తోడు, అమెరికా యూనివర్సిటీలు ఎన్నో అక్కడ సొంత కేంద్రాలు నడుపుతున్నాయి. దాంతో ఊళ్ళో వ్యాపారం చేసేవాళ్ళకి ఇంగ్లీషు అలవాటైపోయింది.

ఉన్న ఇంట్లోనూ అంతే. నాతోపాటు ముగ్గురు అమ్మాయిలు, మూడు దేశాలవాళ్ళు. అందరికీ తెలిసిన భాష ఇంగ్లీషే కాబట్టి వంటింట్లో అదే నడిచింది. చాలా మంచి పిల్లలు, ఇప్పటికీ మాట్లాడుకుంటాం. కానీ నాలుగు వారాలు అయ్యేసరికి వ్యాకరణం పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయి, వీధిలో మాత్రం నోరు పెగల్లేదు.

పెరూజా కొండ మీద ఊరు. ఉంబ్రియా ప్రాంతానికి రాజధాని. 1308లో స్థాపించిన యూనివర్సిటీ ఉంది. అది కాక, విదేశీయుల కోసమే ప్రత్యేకంగా ఇంకో యూనివర్సిటీ ఉంది. అక్కడ 1921లో కోర్సులు మొదలయ్యాయి, 1925లో అది పూర్తి స్థాయి సంస్థ అయింది. అంటే ఆ ఊళ్ళోవాళ్ళు తడబడుతూ ఇటాలియన్ మాట్లాడే కొత్తవాళ్ళని వందేళ్ళుగా చూస్తున్నారు. పెరూజాలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి మనకి మేలు అని చాలామంది అంటారు. అది సగం నిజమే. నాకు ఎక్కువ ఉపయోగపడింది వాళ్ళ ఓపిక. మనం మాట కోసం వెతుక్కుంటుంటే ఆగుతారు. తప్పు మాట్లాడితే సరైన రూపం ఒకసారి పలికి, మళ్ళీ సంభాషణలోకి వెళ్ళిపోతారు.

నేను అద్దెకున్న గది డెబ్బై ఏళ్ళ పెద్దావిడ ఇంట్లో. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రెండో రోజు వేడినీళ్ళు రాలేదు. గీజర్‌ని ఏమంటారో నాకు తెలియదు. చేతులతో నీళ్ళు పోసుకున్నట్టు, చలికి వణికినట్టు చూపించాను. ఆవిడ "స్కాల్దబాన్యో!" అని, నా చేత మూడుసార్లు పలికించి, అప్పుడు వెళ్ళి స్విచ్ వేసింది. ఆ మాట ఇక ఈ జన్మలో మర్చిపోను. రాత్రి భోజనం దగ్గర రోజూ ఇలాంటివి నాలుగైదు మాటలు దొరికేవి. మూడో వారానికి ఆవిడ తన పెళ్ళినాటి సంగతులు చెబుతుంటే మధ్యలో ప్రశ్నలు అడగగలిగాను.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఉన్న ఒక సౌలభ్యం చెప్పాలి. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇటాలియన్‌లోనూ చాలా మాటలు అంతే. వాళ్ళ త, ద మన త, దలకు దగ్గరగా ఉంటాయి. ద్విత్వాక్షరాల సంగతి ఇంకా బాగుంటుంది. కల వేరు, కల్ల వేరు అని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అలాగే ఇటాలియన్‌లో కాసా అంటే ఇల్లు, కస్సా అంటే డబ్బు కట్టే కౌంటర్. నోనో అంటే తొమ్మిదోది, నొన్నో అంటే తాత. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న నా క్లాస్‌మేట్లు ఈ తేడా పలకడానికి ఎంతో కష్టపడ్డారు. మనకి అది నోట్లో ఉన్న విద్యే. కానీ వినేవాళ్ళు ఉంటేనే ఆ విద్య బయటికొస్తుంది. ఫ్లోరెన్స్‌లో నా ఉచ్చారణ బాగుందని ఎవరూ అనలేదు, ఎందుకంటే నాకు మాట్లాడే అవకాశమే రాలేదు. పెరూజాలో మొదటి వారంలోనే అన్నారు.

అయితే బొమ్మలు వేసేవాళ్ళకీ, కళాచరిత్రో ఆర్కిటెక్చరో చదివేవాళ్ళకీ నా సలహా తిరగబడుతుంది. వాళ్ళు కళ్ళు మూసుకుని ఫ్లోరెన్స్ వెళ్ళాలి. 1436లో ఆర్కిటెక్ట్ బ్రూనెల్లెస్కి పూర్తి చేసిన పెద్ద చర్చి గోపురం కింద రోజూ నడుస్తూ క్లాసుకి వెళ్ళడం ఎక్కడ దొరుకుతుంది? ఉఫీజీ మ్యూజియంని రెండు గంటల్లో చూసి వచ్చే యాత్రికుడికీ, నెల రోజులు అక్కడే ఉండి ఒకే బొమ్మ దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళగలిగే విద్యార్థికీ పోలికే లేదు. బ్రాంకాచ్చి చాపెల్‌లో మసాచ్చో వేసిన కుడ్యచిత్రాల ముందు నేను మొదటిసారి ఏమీ పట్టించుకోకుండా నిలబడ్డాను. రెండోసారి వెళ్ళినప్పుడు, స్వర్గం నుంచి వెళ్ళగొట్టిన ఆడం, ఈవ్‌ల మొహాలు చూసి కదల్లేకపోయాను. పాత చిత్రాలకీ రాతి పనికీ మరమ్మతు చేసే విద్యలో కూడా ఆ ఊరిది పెద్ద పేరు. 1966 నవంబరు వరదలో దెబ్బతిన్న పుస్తకాలనూ చిత్రాలనూ బాగుచేస్తూ ఆ అనుభవం ఇంకా పెరిగింది. భాష కోసం కాకుండా ఇవి నేర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళకి బార్‌లో ఇంగ్లీషు వినబడినా నష్టం లేదు.

గది సంగతి. ఫ్లోరెన్స్ నడిబొడ్డున ఇళ్ళు యాత్రికులకి రోజుల లెక్కన ఇవ్వడం బాగా పెరిగిపోయి, పాత నగరంలో కొత్తగా అలా ఇవ్వకుండా 2023లో నగరపాలక సంస్థ అడ్డుకట్ట వేసింది. నెలకి గది కావాలంటే ముందునుంచీ వెతకాలి. ఎండ కూడా ఎక్కువే. చుట్టూ కొండలు, మధ్యలో ఆర్నో నది లోయ, గాలి కదలదు. పెరూజా కొండ మీద కావడంతో సాయంత్రానికి చల్లబడుతుంది. రైల్వే స్టేషన్ కింద ఉంటుంది. అక్కడి నుంచి పైకి డ్రైవర్ లేని మినీమెట్రో ఎక్కొచ్చు, కాకపోతే అది రాత్రి పొద్దుపోయేదాకా నడవదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఆ మెట్ల వీధులు నిజంగానే కష్టం.

పెరూజాతో ఇంకో చిక్కు ఉంది. జూలైలో దాదాపు పది రోజులు ఉంబ్రియా జాజ్ ఉత్సవం జరుగుతుంది, 1973 నుంచీ వస్తున్నది. వీధుల్లో ఉచితంగా సంగీతం వినొచ్చు, ఎవరితోనైనా మాట కలపొచ్చు. ఆ రోజుల్లో మాత్రం గదులు దొరకవు. ఆగస్టులో ఊరు ఖాళీ అయిపోతుంది. ఇటాలియన్ విద్యార్థులు ఇళ్ళకి వెళ్ళిపోతారు, ఆగస్టు 15 ఫెర్రాగోస్తో పండుగ చుట్టూ దుకాణాలు కూడా మూస్తారు. ఇక మిగిలేది విదేశీ విద్యార్థులే. అప్పుడు పెరూజాలోనూ ఇంగ్లీషే నడుస్తుంది. అందుకే ఆగస్టు అయితే నేను పెరూజా చెప్పను.

మూడో దారిగా సియెనా పేరు కూడా వినబడుతుంది. అక్కడా విదేశీయుల యూనివర్సిటీ ఉంది. జూలై 2న, ఆగస్టు 16న జరిగే పాలియో గుర్రప్పందెం చూడటానికి రెండు కళ్ళూ చాలవు. కానీ ఆ ఊరి మనుషుల బతుకంతా 17 పేటల చుట్టూ అల్లుకుని ఉంటుంది. నెల రోజులకి వచ్చినవాళ్ళకి అందులోకి దారి దొరకడం కష్టం. అక్కడివాళ్ళు ఎవరైనా తెలిసి ఉంటేనే వెళ్ళమంటాను.

కాగితాల విషయంలో అన్ని ఊళ్ళూ ఒకటే. 90 రోజుల లోపు ఉండేవాళ్ళు నేరుగా ఇటలీలో దిగితే, పాస్‌పోర్టు తనిఖీతోనే వచ్చినట్టు నమోదవుతుంది. ఇంకో షెంజెన్ దేశంలో (ఒకే వీసా చెల్లే ఐరోపా దేశాల్లో ఒకదానిలో) విమానం మారి వస్తే మాత్రం, ఎనిమిది రోజుల్లో పోలీసుల క్వెస్తూరా ఆఫీసుకి వెళ్ళి వచ్చానని తెలియజేయాలి. హోటల్లో దిగితే వాళ్ళే నమోదు చేస్తారు. ఇది తెలియక నేను ఏడో రోజు టెన్షన్‌తో పరుగెత్తాను.

మా అమ్మాయిది భాష కోసం ప్రయాణం, అదీ జూలైలో. కాబట్టి దానికి పెరూజానే చెప్పాను. గది కోర్సో గారిబాల్ది వీధిలో వెతకమన్నాను. విదేశీయుల యూనివర్సిటీ ముందున్న ఎట్రుస్కన్ కాలపు (రోమన్లకి ముందు అక్కడ ఉన్నవాళ్ళ నాటి) రాతి ద్వారం దగ్గర మొదలై, సాంత్ ఆంజెలో కోటగుమ్మం దాకా వెళ్ళే వీధి అది. తోటి విద్యార్థులతో కాకుండా, ఊరివాళ్ళ ఇంట్లో, రాత్రి భోజనం వాళ్ళతోనే చేసేలా మాట్లాడుకోమన్నాను. ఫ్లోరెన్స్ చూడలేదన్న దిగులు కూడా అక్కర్లేదు. రైల్లో దాదాపు రెండు గంటలు, దారిలో త్రాసిమేనో సరస్సు కనబడుతుంది. నెలలో మొదటి ఆదివారం ఉఫీజీలో ప్రవేశం ఉచితం. తెల్లవారుజామున బండెక్కితే క్యూ పెరగకముందే చేరొచ్చు.