పూల్ రోబో ఆగిపోతే రిపేరా, కొత్తదా? మా పటమట అపార్ట్‌మెంట్ అనుభవం

ముందే చెప్తున్నా, ఇది రెండు చోట్ల జరిగిన పనికి రివ్యూ. ఒకటి మా పూల్ శుభ్రం చేసే రోబో అమ్మినవాళ్ల సర్వీస్ సెంటర్, రెండోది మన విజయవాడ ఆటోనగర్‌లో మోటార్లు వైండింగ్ చేసే చిన్న షాపు. రెంటి పేర్లూ రాయడం లేదు. పేర్లకన్నా అక్కడ ఏం జరిగిందో తెలిస్తేనే మీకు ఉపయోగం.

మా పూల్ పెద్దదేం కాదు. 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు, అంటే 72 వేల లీటర్ల నీళ్లు. పక్కనే రెండు వేప చెట్లు, అటు బందరు రోడ్డు దుమ్ము, కాస్త గాలి లేస్తే చాలు అడుగంతా మట్టీ ఆకులూ. అందుకే 2021లో కమిటీ డబ్బుతో లక్షా 35 వేలు పెట్టి రోబో కొన్నాం. నిజంగా మంచి మెషిన్. అడుగు, గోడలు, నీటిమట్టం దగ్గర జిడ్డు గీత, అన్నీ రెండు గంటల్లో తుడిచేసేది. ఈ ఏడాది ఏప్రిల్ చివర్లో, సరిగ్గా పిల్లలకు సెలవులిచ్చిన వారంలోనే ఆగిపోయింది.

ఆగిపోవడం అంటే ఒక్కసారిగా చచ్చిపోలేదు. నీళ్లలో దించితే మూడు నాలుగు నిమిషాలు తిరుగుతుంది, గోడ ఎక్కబోతూ ఆగుతుంది, బయట కరెంటు బాక్సు మీద లైటు కొట్టుకుంటుంది. మా పూల్ చూసే అబ్బాయి రెండో రోజే కనిపెట్టాడు, "కేబుల్ కాస్త కదిపితే మళ్లీ లేస్తోంది మేడం" అని. ఈ ఒక్క ముక్క చాలా ముఖ్యం, గుర్తుపెట్టుకోండి.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే మెషిన్ హైదరాబాద్ పంపమన్నారు. చెక్ చేయడానికి 2,500, పార్సిల్ ఖర్చు మనదే. కేబుల్ కదిపితే పని చేస్తోందని ఫోన్‌లో చెప్పాను, కాగితం మీద రాసి మెషిన్‌కి అతికించి మరీ పంపాను. 16 రోజులకి ఎస్టిమేట్ వచ్చింది. మోటార్ బాక్స్ 58 వేలు, కేబుల్ 26 వేలు, లేబర్ 4 వేలు, ట్యాక్స్‌తో కలిపి లక్షా 3 వేల 840 రూపాయలు. కిందే ఇంకో లైను: కొత్త మోడల్ లక్షా 55 వేలు, పాతది ఇస్తే 10 వేలు తగ్గింపు. అసలు ఏం పోయింది, మోటార్‌ని ఎలా టెస్ట్ చేశారు, రీడింగ్ ఎంత వచ్చింది అని అడిగితే జవాబు లేదు. "రెండూ మార్చాల్సిందే మేడం, లేదంటే గ్యారంటీ ఇవ్వలేం" అన్నారు. నాకు కోపం వచ్చింది డబ్బు ఎక్కువని కాదు, అడిగినదానికి చెప్పలేదని. నేను కమిటీ ట్రెజరర్‌ని, 48 ఇళ్లవాళ్లకి లెక్క చెప్పాలి.

మీటింగ్‌లో ఏమైందో మీరు ఊహించే ఉంటారు. "ఇంకో 41 వేలు వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా అండీ" అని సగం మంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ 41 వేల తేడా అనేది ఆ లక్ష ఎస్టిమేట్ నిజమైతేనే కదా! అసలు పోయింది ఏమిటో తేలకుండా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదే చవకగా కనపడుతుంది. ఇంకో నలుగురు అసలు మెషినే వద్దు, పాత పద్ధతిలో చేయిద్దాం అన్నారు. మెషిన్ హైదరాబాద్‌లో ఉన్నన్ని రోజులూ అదే చేశాం. ఆ అబ్బాయి ఎండలో నిలబడి పొడుగు కర్రకి బ్రష్ తగిలించి గోడలు రుద్ది, తర్వాత వాక్యూమ్ పెట్టి లాగడానికి రెండున్నర గంటలు. అంతసేపూ ఫిల్టర్ పంపు తిరుగుతూనే ఉండాలి. మట్టి ఎక్కువైన రోజు ఆ నీళ్లు ఫిల్టర్‌లోకి పంపకుండా నేరుగా బయటికి వదలాలి, పూల్‌లో రెండు అంగుళాలు తగ్గితే మూడు వేల లీటర్లు పోయినట్టే. మే నెలలో మా బోరు పరిస్థితికి అది చిన్న విషయం కాదు. పైగా నిచ్చెన వెనక మూల సరిగ్గా అందక పచ్చగా పాకుడు పట్టింది, ఒక పాప కాలు జారింది. దెబ్బ తగల్లేదు, కానీ ఆ రోజు నేను నిద్రపోలేదు.

అందుకే మెషిన్ వెనక్కి తెప్పించి ఆటోనగర్ తీసుకెళ్లాను. పంపు మోటార్లు, బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు, లోపలికి అడుగు పెడితే వార్నిష్ వాసన. అక్కడి మేస్త్రి గారు ఈ రోబోని ఎప్పుడూ చూడలేదు, ఆ మాట ముందే చెప్పారు. "ఏదైనా మోటారే కదమ్మా, ముందు కరెంటు ఎక్కడిదాకా వస్తోందో చూద్దాం" అని మొదలుపెట్టారు.

చేసింది చాలా మామూలు పని. కరెంటు బాక్సుకి మల్టీమీటర్ పెడితే 29 వోల్టులు డీసీ, అంటే బాక్సు బాగుంది. (ఇలాంటి మెషిన్లు మెయిన్ కరెంటు మీద నేరుగా నడవవు, నీళ్లలో ఉంటాయి కాబట్టి ఆ బాక్సు వోల్టేజీ తగ్గించి పంపుతుంది.) తర్వాత 18 మీటర్ల కేబుల్‌ని రెండు చివర్లా విప్పి, మీటర్‌ని బీప్ మీద పెట్టి (తీగ తెగకుండా ఉంటే మోగుతుంది), మొదటి నుంచి జానెడు జానెడు వంచుతూ వచ్చారు. బీప్... బీప్... మెషిన్‌కి మీటరున్నర దూరంలో బీప్ ఆగింది. అటూ ఇటూ వంచితే వస్తోంది, పోతోంది. సుద్దముక్కతో గీత గీసి, పైతొడుగు కోసి నాకు చూపించారు. లోపల రాగి తీగలు రాగి రంగులో లేవు. పచ్చగా చిలుం పట్టి, గోటితో గీకితే పొడి రాలుతోంది, రెండు మూడు పోగులే ఇంకా అతుక్కుని ఉన్నాయి. అవి తగిలినప్పుడు మెషిన్ తిరిగేది, వదిలినప్పుడు ఆగేది. అంతే!

సరిగ్గా అక్కడే ఎందుకు తెగిందో అప్పుడు అర్థమైంది. మా పూల్ చూసే అబ్బాయి గట్టు మీద నిలబడి మెషిన్‌ని కేబుల్ పట్టుకుని పైకి లాగేవాడు, చెయ్యి పడేది అక్కడే. తప్పు అతనిది కాదు, అలా లాగకూడదని మేమెవ్వరం చెప్పలేదు.

జాయింట్ మాత్రం టేపు చుట్టి ఇస్తే తీసుకునేదాన్ని కాదు, పిల్లలు దిగే నీళ్లు. ఆయన బోరు మోటార్ కేబుల్‌కి వేసినట్టే వేశారు. పాడైన ముక్క మొత్తం తీసేసి, రెండు తీగల అతుకులు ఒకే చోట పడకుండా ఎగుడుదిగుడుగా టంకం పెట్టి, ఒక్కోదానికి లోపల జిగురున్న స్లీవ్ వేడి చేసి బిగించి, పైన రెసిన్ (పోశాక గట్టిపడే జిగురు లాంటిది). తర్వాత రెండు చివర్లూ బయట ఉంచి జాయింట్‌ని ఉప్పునీళ్ల బకెట్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న నా ముందే మెగ్గర్ (తీగ నుంచి కరెంటు బయటికి లీకవుతోందేమో చూసే మీటర్) పెట్టారు. వంద మెగా ఓమ్‌ల పైన చూపించింది. రెండు రోజులు, 1,800 రూపాయలు.

కానీ నేను ఈ షాపుని మెచ్చుకునేది ఆ 1,800 చూసి కాదు. మోటార్ షాఫ్ట్‌ని వేలితో కదిపి చూపించారు, సన్నగా ఆట ఉంది, అంటే కాస్త వదులైంది, సీలు చుట్టూ తెల్లగా ఉప్పు కట్టింది. "ఇది కంపెనీలో రెసిన్ పోసి మూసిన బాక్సమ్మా. తెరవమంటే తెరుస్తాను, మళ్లీ నీళ్లు చొరబడకుండా మూయడం నా వల్ల కాదు. ఇది పోయిన రోజు దీని మీద రూపాయి పెట్టకండి" అన్నారు. చేతకాని పని చేతకాదని చెప్పిన మనిషి మాట మీద నాకు నమ్మకం కుదిరింది. లోపం ఒకటే, బిల్లు. చీటీ మీద రాసిచ్చారు, మా ఆడిటర్ ఒప్పుకోకపోతే మళ్లీ వెళ్లి సరైన బిల్లు రాయించుకున్నాను. జాయింట్‌కి గ్యారంటీ కూడా నోటి మాటే.

మెషిన్ మే 20 నుంచి వారానికి మూడు రోజులు తిరుగుతోంది, ఐదు నెలలైంది.

నాకు అర్థమైనంతవరకు ఈ మెషిన్‌లో ఖరీదైనవి మూడే, కరెంటు బాక్సు, కేబుల్, మోటార్ బాక్సు. మొదటి రెండూ పోతే ఎంత పాతదైనా బాగుచేయించుకోవచ్చు. బ్రష్‌లు, బెల్టులు, ఫిల్టర్ సంచి ఎలాగూ అరిగేవే. మోటార్ బాక్సులోకి నీళ్లు దిగితే మాత్రం వారంటీలో ఉంటేనే మార్పించండి. నాలుగైదేళ్లు దాటిన మెషిన్‌కి 58 వేల బాక్సు వేశాక, మిగతావన్నీ పాతవే కాబట్టి కొన్నాళ్లకే ఇంకోటి పోవచ్చు. ఏదీ తేల్చకముందు ఇంపెల్లర్ (నీళ్లు లాగే చిన్న ఫ్యాన్) మూత విప్పి జుట్టు, దారాలు చుట్టుకున్నాయేమో చూడండి, అలా చుట్టుకున్నా లోడు ఎక్కువై ఇలాగే ఆగుతుంది. బ్యాటరీతో నడిచే మోడల్ కొందామా అని మా వాళ్లు అడిగారు. కేబుల్ బాధ ఉండదు నిజమే, కానీ బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, విజయవాడలో దాన్ని మార్చేవాళ్లు ఎవరో తెలిసేదాకా నేను ఒప్పుకోను.

జూలై నుంచి కమిటీలో నెలకు 5 వేలు కొత్త మెషిన్ కోసం విడిగా వేస్తున్నాం. అబ్బాయి ఇప్పుడు కొక్కెం కర్రతో హ్యాండిల్ పట్టి లేపుతున్నాడు, కేబుల్‌ని మోచేతికి చుట్టకుండా గట్టు మీద పొడుగ్గా పరుస్తున్నాడు, దాంతో మెలికలు విడిపోతున్నాయి. కరెంటు బాక్సుని పూల్ అంచుకి 3.5 మీటర్ల దూరానికి జరిపాం, ఆ ప్లగ్గుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించాం. మెషిన్ నీళ్లలో ఉన్నంతసేపు గేటుకి తాళం.

ఆటోనగర్ వెళ్లేవాళ్లు మెషిన్ ఒక్కటే కాదు, కరెంటు బాక్సు, కేబుల్ కూడా తీసుకెళ్లండి. నేను బాక్సు ఇంట్లో వదిలేసి వెళ్లి మళ్లీ తిరగాల్సి వచ్చింది. పది గంటల తర్వాత వెళ్తే మేస్త్రి గారు ఉంటారు, ఆదివారం షాపు మూత.