బిల్లులో ఉన్న ఇంపెల్లర్: గాల్వెస్టన్ బే మీద మా మొదటి ఉప్పునీటి ప్రయాణం

మా బోటు ఇంజన్ సర్వీసింగ్ బిల్లు నా దగ్గర ఇప్పటికీ ఉంది. మొత్తం 640 డాలర్లు. అందులో నాలుగో లైను "వాటర్ పంప్ ఇంపెల్లర్, కొత్తది". ఇంపెల్లర్ అంటే బయటి నీళ్లను పైకి తోడి ఇంజన్‌ని చల్లబరిచే చిన్న రబ్బరు చక్రం, అరచేతిలో పట్టేంత ఉంటుంది. అది బిల్లులో ఉంది, ఇంజన్‌లో లేదు. ఆ సంగతి నాకు నడి సముద్రంలో తెలిసింది. నడి సముద్రం అంటే నిజానికి ఏడడుగుల లోతు నీళ్లే, కానీ నలుగురిని ఎక్కించుకుని ఉన్నప్పుడు ఏడడుగులైనా ఏడు వందల అడుగులైనా ఒకటే.

మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. నిరుడు వేసవిలో ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర 19 అడుగుల డెక్ బోట్ కొన్నాను. 2006 మోడల్, వెనక యమహా 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్, ట్రైలర్‌తో కలిపి 11,500 డాలర్లు. టెక్సస్‌లో బోటుకొక టైటిల్ (ఎవరి సొత్తో చెప్పే కాగితం), ఔట్‌బోర్డ్ ఇంజన్‌కి వేరే టైటిల్ ఉంటాయి. రెండూ అమ్మేవాడి పేరు మీదే ఉన్నాయో లేదో చూసుకోకుండా డబ్బు ఇవ్వకండి. పైన 6.25 శాతం టాక్స్ కట్టాలి. ఆ పెద్దమనిషి మాత్రం నిజాయితీగా చెప్పాడు: "ఇది ఎప్పుడూ లేక్ కాన్రో దాటలేదు, ఉప్పు నీళ్లు దీనికి తెలియవు." మేమూ ఏడాదంతా ఆ మంచినీళ్ల చెరువులోనే తిప్పాం.

ఈ ఏడాది కాకినాడ నుంచి మావయ్యగారు వచ్చారు. రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లెక్కలు చూసిన మనిషి. కాన్రోలో ఒకసారి తిప్పితే మర్యాదగా కూర్చుని, దిగాక, "బాగుందండీ అల్లుడుగారూ, చెరువు" అన్నారు. ఆ "చెరువు" నాకు గుచ్చుకుంది. మే మొదటి శనివారం గాల్వెస్టన్ బేకి, అంటే సముద్రపు అఖాతానికి, వెళ్దామని ఆ రాత్రే నిర్ణయించేశాను. ఉప్పు నీళ్లకి ఇంజన్ సిద్ధం చేయించాలి కదా అని దగ్గర్లో ఉన్న ఒక షాపులో ఇచ్చాను. ఇంపెల్లర్, గేర్ ఆయిల్, ఫ్యూయల్ ఫిల్టర్, జింకు ముక్కలు అన్నీ మార్చామని చెప్పి 640 తీసుకున్నారు. జింకు ముక్కలంటే ఉప్పు నీళ్లలో ఇంజన్ లోహం బదులు తాము కరిగిపోయేవి. అవి మాత్రం నిజంగానే మార్చారు, బయటికి కనిపిస్తాయి కాబట్టి.

శుక్రవారం సాయంత్రం బయల్దేరి కీమా దగ్గర ఒక మోటెల్‌లో దిగాం. (ఊరి పేరు కీమా. మా బుడ్డోడు దారంతా దాని మీదే జోకులు.) రూము 149, పన్నులతో 171 డాలర్ల 35 సెంట్లు. ట్రైలర్‌తో వస్తున్నామని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను, "నో ప్రాబ్లమ్" అన్నారు. తీరా వెళ్లాక కౌంటర్‌లో కుర్రాడు ట్రైలర్లకి రాత్రికి 40 డాలర్లు ఎక్స్‌ట్రా అన్నాడు. ఫోన్‌లో చెప్పలేదే అంటే, "ఫోన్‌లో నేను లేను కదా" అన్నాడు. దీనికి ఏ భాషలోనూ సమాధానం లేదు. కట్టాను. రూములో తడిసిన చాప వాసన. ఫ్రిజ్ పనిచేయట్లేదు, అందుకని పెరుగన్నం డబ్బా ఐస్ పెట్టెలోనే ఉంచి ఆ పెట్టెని మంచాల మధ్య పెట్టుకుని పడుకున్నాం. రాత్రి మూడుసార్లు లేచి బోటు ఉందో లేదో చూసొచ్చాను. నాలుగోసారి మా ఆవిడ, "ఏమండీ, అక్కడే పడుకోకూడదూ?" అంది.

పొద్దున్న ఐదుమ్ముప్పావుకి ర్యాంప్ దగ్గర, అంటే బోటుని నీళ్లలోకి దింపే వాలుగట్టు దగ్గర ఉన్నాం. ఫీజు 15 డాలర్లు. దూరం నుంచి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ట్రైలర్ చక్రాలు వేడిగా ఉండగా నీళ్లలో దింపొద్దు. చక్రం మధ్యలోని వేడి హబ్ చల్లటి నీళ్లు తగలగానే లోపలికి ఉప్పు నీళ్లు పీల్చుకుంటుంది, నెల తిరిగేసరికి బేరింగులు పోతాయి. మేం రాత్రి అక్కడే ఉండటం వల్ల మోటెల్ డబ్బుకి ఆ ఒక్క లాభం. ర్యాంప్ కింది సగం పాచి పట్టి సబ్బులా ఉంటుంది, చెప్పులతో దిగకండి. బోటు అడుగున నీళ్లు పోయే కన్నానికి పెట్టే బిరడా, డ్రెయిన్ ప్లగ్, బాధ్యత మా బుడ్డోడిది. "ప్లగ్ పెట్టావుట్రా?" అని తాతగారు అడిగితే, "పెట్టా తాతా, నువ్వూ చూడు" అని వేలు పెట్టించి మరీ చూపించాడు. ఆ రోజు సరిగ్గా జరిగిన పనుల్లో అదొకటి.

పెద్దమ్మాయి మాత్రం మొహం ముడుచుకుని కూర్చుంది. 26 అడుగుల లోపు బోటు నడుస్తున్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని టెక్సస్ రూలు. దీనికి ఇంకో నెలలో 13 నిండుతాయి. "నెల రోజుల్లో నాకేం ఈత ఎక్కువ వస్తుంది?" అని వాదించింది. వాదన బాగానే ఉంది, జాకెట్ మాత్రం తీయనివ్వలేదు.

క్లియర్ లేక్ నుంచి బ్రిడ్జి కిందుగా బయటికి వచ్చే కాలువలో అలలు లేపకుండా మెల్లగా వెళ్లాలి. అది దాటగానే బే. ఆ గంటన్నర గురించి చెప్పడానికేం లేదు, అంత బాగుంది. గాలి లేదు, పెలికాన్లు నీళ్లకి జానెడు ఎత్తులో ఎగురుతున్నాయి, మా ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది.

రెడ్‌ఫిష్ ఐలాండ్ అని బే మధ్యలో నెలవంకలా ఒక చిన్న దిబ్బ ఉంది, రాళ్లు, గుల్లలు. లోపలి వంపులో లంగరు వేసుకోవచ్చు. మావయ్యగారు చూడగానే, "మన హోప్ ఐలాండ్ పిల్లలా ఉందండీ" అన్నారు. కాకినాడ రేవుకి అడ్డంగా పడుకుని అలల్ని ఆపే ఆ దీవి ముందు ఇదెంత, అయినా ఆయన మొహంలో మొదటిసారి "చెరువు" పోయింది. దీనికి దగ్గర్లోనే హ్యూస్టన్ షిప్ ఛానెల్, 1914లో తెరిచిన దారి. అపార్ట్‌మెంట్లంత ట్యాంకర్లు చప్పుడు లేకుండా వెళ్లిపోతుంటాయి. ఓడ వెళ్తున్నప్పుడు ఒడ్డున నీళ్లు ముందు వెనక్కి లాగేస్తాయి, కాసేపటికి ఒక్కసారిగా పొంగి వస్తాయి. నీళ్లు వెనక్కి పోవడం చూసి పిల్లలు గుల్లలు ఏరడానికి పరిగెత్తారు. మావయ్యగారు ఒక్క అరుపు అరిచి ఇద్దర్నీ వెనక్కి రప్పించారు. అర నిమిషంలో మోకాలెత్తు నీళ్లు వచ్చి బుడ్డోడి చెప్పుల్లో ఒకటి పట్టుకుపోయాయి. చిన్న పిల్లలున్నవాళ్లు ఓడ కనిపిస్తే గట్టు మీదే ఉండండి.

చేపలకి నాకు ఉప్పునీటి లైసెన్సు 35 డాలర్లు, టెక్సస్ వాసి కాదు కాబట్టి మావయ్యగారికి ఒక రోజుది 16. పిల్లలకి అక్కర్లేదు. బతికున్న రొయ్యలు ఎరగా కొన్నాం, అవి ఒక 20. ఇంత ఖర్చుకీ గాలానికి పడినవి వరసగా ఐదూ ఒకే రకం, మీసాల చేపలు. ఇక్కడి వాళ్లు వీటిని హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్ అని తిట్టుకుంటూ వెనక్కి పడేస్తారు. మొదటిది పైకి రాగానే మావయ్యగారు, "ఓరి, జెల్ల కదండీ ఇది!" అన్నారు, బంధువు కనిపించినట్టు. నేను చేత్తో పట్టుకోబోతే మణికట్టు మీద ఒక్కటేశారు. వీపు మీద ఒక ముల్లు, మొప్పల వెనక చెరొకటి, రంపంలా పళ్లుంటాయి, గుచ్చుకుంటే విషం, రోజంతా సలుపు. ఆయన తువ్వాలు చుట్టి, మెడ దగ్గర రెండు వేళ్లు ముళ్ల కిందుగా పోనిచ్చి పట్టుకున్నారు. అది గుర్రుగుర్రుమంటోంది. అలాగే పట్టుకుని నిదానంగా గాలం తీశారు. "పులుసుకి ఇంతకన్నా ఏం కావాలండీ" అని ఐదూ ఐస్ పెట్టెలో వేయబోతే, అందులో పులిహోర ఉందని, ఈ రోజు శనివారమని మా ఆవిడ మూత మీద కూర్చుంది. ఐదింటినీ నీళ్లలోకి వదిలేశాం. ఆయన చూపు వాటి వెనకే పోయింది.

పదకొండున్నరకి గాలి లేచింది. వసంతంలో ఇక్కడ పొద్దున్న గాలి లేకపోయినా మధ్యాహ్నానికి ఆగ్నేయం నుంచి గట్టిగా వీస్తుంది. లోతు తక్కువ కావడంతో అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా లేస్తాయి, గతుకుల రోడ్డు మీద ఎడ్లబండి లెక్క. తిరుగు ప్రయాణం మొదలుపెట్టిన పది నిమిషాలకి మావయ్యగారు వెనక్కి వంగి, "అల్లుడుగారూ, ఇంజన్ నీళ్లు కక్కట్లేదండీ" అన్నారు. చల్లబరిచిన నీళ్లు ఇంజన్ పక్కనుంచి సన్నటి ధారగా బయటికి రావాలి. పొద్దున్న పెన్సిలంత లావు వచ్చింది. ఇప్పుడు చుక్కలు చుక్కలు. నేను అవునో కాదో అనేలోపే పీప్‌మని అలారం, ఆగకుండా. ఇంజన్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంది. ఆపేశాను.

లంగరు వేశాను. తాడు లోతుకి ఏడు రెట్లు వదలాలి, యాభై అడుగులు వదిలితే పట్టుకుంది. ఓడల దారికి దూరంగానే ఉన్నాం, అయినా నాకు చెమటలు. బుడ్డోడు రెండుసార్లు కక్కాడు. మా ఆవిడ వాడి నోట్లో వాము వేసి, నన్నొక ప్రశ్న అడిగింది: "ఆ టోయింగ్ మెంబర్‌షిప్ తీసుకున్నారా?" బోటు ఆగిపోతే ఒడ్డుకి లాక్కొచ్చే సేవకి చందా అది, ఏడాదికి రెండొందల డాలర్ల చుట్టుపక్కల. మార్చిలో చెప్పింది. చెరువులో ఎందుకులే అనుకున్నాను.

ప్రాణాపాయం లేకపోతే కోస్ట్ గార్డ్ లాగదు, ప్రైవేటు టో బోట్‌నే పిలవాలి. గంటకి 300, వాళ్ల రేవులో బయల్దేరిన దగ్గర్నుంచి మళ్లీ రేవు చేరేదాకా లెక్క. గంటా పది నిమిషాలు ఎదురుచూశాం, లాగడంతో కలిపి రెండున్నర గంటలు, 750 డాలర్లు. కెప్టెన్ చాలా మంచివాడు, పిల్లలకి చల్లటి నీళ్ల సీసాలు ఇచ్చాడు. "మెంబర్‌షిప్ ఇప్పుడు తీసుకుంటే ఈ ట్రిప్పుకి పనికొస్తుందా?" అని మా ఆవిడ అడిగితే, ఈ ప్రశ్న వారానికి నలుగురు అడుగుతారని నవ్వాడు. పనికిరాదు.

ఆ సాయంత్రం సీబ్రూక్‌లో ఒక వియత్నామీ హోటల్‌కి వెళ్లాం, ఆకలికంటే ఎక్కువగా ఏసీ కోసం. ఈ తీరంలో వియత్నామీ జాలర్ల కుటుంబాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. లూసియానా వాళ్లు మసాలా నీళ్లలో ఉడికించే క్రాఫిష్‌ని (రొయ్యలాంటి చిన్న మంచినీటి జీవి) వీళ్లు ఉడికించాక వెల్లుల్లి వెన్నలో ముంచి తీస్తారు. మూడు పౌండ్లు, పౌండు 9 డాలర్ల 99 సెంట్లు. టేబుల్ మీద కాగితం పరిచి కుమ్మరించారు. తల తుంచి, తోక నలిపి, వేళ్లకి కారుతున్న ఎర్రటి వెన్నతో సహా నోట్లో పెట్టుకున్నాక మావయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రొయ్య, పీత వియ్యమందితే ఇదండీ" అన్నారు. పెద్దమ్మాయి లైఫ్ జాకెట్ కోపం మర్చిపోయి తాతగారికి పోటీగా తింది. మూడు పౌండ్లు చాలక ఇంకో రెండు చెప్పాం. మా ఆవిడ కనీసం మొక్కజొన్న, బంగాళాదుంప తిందామంటే అవీ అదే కుండలో ఉడికాయని తేలింది. శనివారం నీచు ముట్టదు. అంత గుమగుమల మధ్య ఐస్ పెట్టెలోంచి తీసిన చల్లటి పులిహోర తింటూ కూర్చుంది. ఆ రోజు నా మీద ఉన్న కోపంలో సగం దానిదేనని నా నమ్మకం.

ఆదివారం బోటు ట్రైలర్ మీదే ఉండిపోయింది. గాల్వెస్టన్ నుంచి బొలివర్‌కి రాష్ట్రప్రభుత్వం నడిపే ఫెర్రీ ఎక్కాం. పద్దెనిమిది నిమిషాలు, పైసా అక్కర్లేదు. నా బోటులో చూపిస్తానని పిల్లలకి మాటిచ్చిన డాల్ఫిన్లు ఫెర్రీ పక్కనే జంటలుగా లేస్తూ మునుగుతూ వచ్చాయి. "దీనికి టికెట్ ఎంతండీ?" అని మావయ్యగారు అడిగారు. ఉచితమని చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు, మంచి మనిషి.

సోమవారం ఇంటికొచ్చి ఇంజన్ చూసిన వేరే మెకానిక్ విప్పకముందే నన్ను పిలిచాడు. ఇంపెల్లర్ మార్చాలంటే ఇంజన్ కింది భాగం మొత్తం దింపాలి. ఆ బోల్టుల తలల మీద పాత రంగు పొర చెక్కుచెదరకుండా ఉంది, పానా తగిలిన గీత కూడా లేదు. విప్పి చూస్తే రబ్బరు ఎండి గట్టిబడింది, ఆరు రెక్కల్లో రెండు విరిగిపోయాయి, ఒక ముక్క లోపల ఇరుక్కుంది. 385 డాలర్లు. ఫొటోలతో ఆ షాపుకి వెళ్లి అడిగితే ముందు తమ కుర్రాడు మానేశాడన్నారు, తర్వాత పార్ట్ ఖరీదు 95 మాత్రం వెనక్కిచ్చారు. లేబర్ ఇవ్వరట. చేయని లేబర్‌కి! కాబట్టి పాత బోటు కొన్నవాళ్లు, ఎవరు మార్చామన్నా సరే, తీసిన పాత ఇంపెల్లర్ చేతికి ఇమ్మని అడగండి. నేను ఆ విరిగిన చక్రాన్ని గరాజ్‌లో మేకుకి తగిలించాను.

టోయింగ్ మెంబర్‌షిప్ ఆ రాత్రే తీసుకున్నాం. మళ్లీ జూన్‌లో వెళ్దామంటే మా ఆవిడ ఇంజన్ గురించి, గాలి గురించి ఒక్క మాట ఎత్తలేదు. శనివారం మాత్రం వద్దంది.