నాపా, సొనోమా సీసాలు నాలుగు, మన నెల్లూరు చేపల పులుసు ఒకటి

మా అక్కా బావా పిల్లలకి సెలవులివ్వగానే జూన్ రెండో వారంలో ఫ్రీమాంట్ నించి దిగారు. ఈసారి చాక్లెట్లు, సెంట్లు ఏమొద్దు బావా, మీ కాలిఫోర్నియా వైన్లు మంచివి నాలుగు తీసకరా, తెల్లవి రెండు ఎర్రవి రెండు అని నేనే నోరు తెరిచి అడిగినా. మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు కదా, సీసా 750 మిల్లీలీటర్లు, తలా రెండు లెక్కన నాలుగు సీసాలు తువ్వాళ్ళలో చుట్టి తెచ్చారు. చెన్నై ఎయిర్‌పోర్ట్ నించి నెల్లూరు దాకా వాటిని డిక్కీలో పెట్టనీలా, ఏసీ గాలి తగిలేట్టు నా కాళ్ళ కాడే పెట్టుకోనొచ్చినా, ఎందుకో కింద చెప్తా.

నాలుగూ కాలిఫోర్నియాలో వైన్‌కి పేరున్న నాపా, సొనోమా ప్రాంతాలవే. తెల్లవి రాబర్ట్ మొండావి వాళ్ళ ఫ్యూమే బ్లాంక్, సొనోమా-కట్రర్ వాళ్ళ రష్యన్ రివర్ రాంచెస్ షార్డనే. ఎర్రవి రిడ్జ్ వాళ్ళ లిట్టన్ స్ప్రింగ్స్, స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వాళ్ళ ఆర్టెమిస్ కాబెర్నే సావిన్యాన్. షార్డనే, కాబెర్నే సావిన్యాన్ అనేవి ద్రాక్ష రకాల పేర్లు. బావ చెప్పిన ప్రకారం తెల్లవి రెండూ పాతిక డాలర్ల చుట్టుపక్కల, రిడ్జ్ దానికి రెట్టింపు, ఆర్టెమిస్ అన్నిటికంటే ఎక్కువ.

ఇదంతా ఎందుకు రాస్తున్నా అంటే, వైన్ గురించి ఎక్కడ చూసినా చీజ్‌తో తాగండి, స్టేక్‌తో తాగండి అనే ఉంటాది. మా ఇంట్లో ఆదివారం అంటే చేపల పులుసు, లేదంటే దోశల్లోకి నాటుకోడి పులుసు. చింతపండు, కారం, మామిడికాయ ముక్క పడిన కూర పక్కన ఏ వైన్ నిలబడతాదో ఏది పడిపోతాదో చెప్పేవాళ్ళు నాకు కనపళ్ళా. అందుకని నాలుగు సీసాలూ రెండు సందకాళ్ళలో తెరిచి, ముందు ఊరికే తాగి, తర్వాత మన కూరలతో తాగి, అప్పుడు అనుకున్నది అనుకున్నట్టు రాస్తున్నా.

ముందు ఎండ సంగతి. పోయినేడు ఫ్రెండు ఒకడు నాపా మెర్లో అనే ఎర్ర వైన్ ఒకటి బహుమతిగా ఇచ్చాడు, మంచి రోజు చూసి తెరుద్దాం అని వంటింటి పక్క రూములో బీరువా మీద పెట్టినా. మార్చి, ఏప్రిల్, మే అంతా అక్కడే ఉంది, రోహిణి కార్తెలో మన ఊళ్ళో ఎట్టుంటాదో తెలుసు కదా, రాత్రి పదింటికి కూడా గోడలు కాలతా ఉంటాయి. జులైలో తీసి చూస్తే కార్కు మూతి పైకి రవ్వంత ఉబ్బి ఉంది, రేపర్ కింద జిగటగా కారింది, తాగితే ఉడకబెట్టిన కిస్‌మిస్ నీళ్ళ లాగా ఉంది. పండు వాసనే లేదు. అంత మంచి సీసాని నా చేతులారా పాడు చేసుకున్నా అనే బాధ ఇప్పటికీ పోలేదు. ఏసీ ఇరవైనాలుగ్గంటలూ తిరగని ఇల్లయితే ఎర్ర వైన్ అయినా సరే ఫ్రిజ్‌లో కింది అరలో పడుకోబెట్టండి, తెచ్చిన నెలా రెండు నెలల్లో తాగేయండి. ఇంకోటి, ఎర్ర వైన్ రూం టెంపరేచర్‌లో తాగాలంటారే, ఆ రూము చలిదేశం రూము, 16 నించి 18 డిగ్రీలు. మన రూము 34. ఆ వేడికి గ్లాసులోంచి ముందు స్పిరిట్ వాసనే ముక్కుకి కొడతాది. నేను ఎర్రవి అరగంట పైన ఫ్రిజ్‌లో పెట్టి తీసినా, తెల్లవి మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగి పోసినా, మరీ చల్లగా ఉంటే నాలిక మొద్దుబారి వాసన తెలీదు. గ్లాసులు కూడా ట్రంకు రోడ్డులో గాజువి ఆరు కొన్నా, స్టీలు గ్లాసులో పోస్తే రంగూ కనపడదు, వాసనా నిలవదు.

మొదటి రోజు శనివారం, తెల్లవి. ఫ్యూమే బ్లాంక్ అంటే కొత్త ద్రాక్ష ఏం కాదు, సావిన్యాన్ బ్లాంకే. రాబర్ట్ మొండావి 1966లో నాపాలో వైనరీ పెట్టి, అప్పట్లో జనం సావిన్యాన్ బ్లాంక్ అంటే పెద్దగా కొనకపోతుంటే 1968లో ఫ్రాన్స్‌లో అదే ద్రాక్షతో చేసే పుయీ-ఫ్యూమే వైన్ గుర్తొచ్చేట్టు ఈ పేరు పెట్టి అమ్మాడు, ఆ పేరు తనకే సొంతం అని పట్టుకోకుండా వేరేవాళ్ళని కూడా వాడుకోనిచ్చాడు. గ్లాసు ముక్కు కాడ పెట్టుకోగానే నాకు గూడూరు నిమ్మతోట గుర్తొచ్చింది, కాయ కాదు, ఆకు నలిపితే వస్తాదే ఆ పచ్చి వాసన. నోట్లో పులుపు సూటిగా ఉంది, వెనక రవ్వంత పొగ, రవ్వంత నునుపు, గొంతు దిగినాక మళ్ళీ నోరూరతాది. నాకు ఈ నోరూరడమే ముఖ్యం, వైన్ దిగినాక అన్నం మీదికి మనసు పోవాల.

షార్డనే దీనికి పూర్తిగా ఎదురు. రష్యన్ రివర్ వ్యాలీ సొనోమాలో ఉంది, పసిఫిక్ సముద్రం నించి రాత్రిపూట పొగమంచు లోయలోకి పాకి పొద్దెక్కిందాకా ఉండిపోతాది, మధ్యాహ్నం ఎండ కాస్తాది, మళ్ళీ సాయంత్రానికి చల్లబడతాది. పగలు ఎండకి పండు తీపెక్కుతాది, రాత్రి చలికి పులుపు పోకుండా ఆగుతాది. ఈ వైన్‌లో ఆ రెండూ తెలుస్తున్నాయి. తర్వాత దీన్ని ఓక్ కొయ్య పీపాల్లో పెడతారు, మాలోలాక్టిక్ అని రెండో పులియబెట్టడం ఒకటి జరుగుతాది, అంటే పచ్చి ఆపిల్‌లో ఉండే గట్టి పులుపు కాస్తా పెరుగులో ఉండే మెత్తటి పులుపుగా మారిపోతాది, వెన్న వాసన అక్కడ నించే వస్తాది. ఇది పుస్తకాల మాట. మా ఇంట్లో జరిగింది ఏందంటే, మా అమ్మ వైన్ ముట్టే మనిషి కాదు, అటుగా పోతా గ్లాసు చేతిలోకి తీసుకోని వాసన చూసి "ఏందబ్బయ్యా ఇది, నెయ్యి కాచినట్టుండాదే, తమలపాకు కూడా వేసినట్టుండాది" అనింది. బావ నా మొహం నేను బావ మొహం చూసుకున్నాం, అప్పటిదాకా మేం ఇద్దరం వనిల్లా అందామా ఓక్ అందామా అని కొట్టుకుంటున్నాం, అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. ఊరికే తాగడానికి నాలుగింటిలో నాకు అందరికంటే ముందు నచ్చింది ఇదే, సపోటా పండు గుజ్జులాగా నోరంతా నిండిపోతాది.

కానీ పులుసు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. అమ్మ పులుసు శుక్రవారమే పెట్టింది, బొచ్చె చేప, మట్టి దాకలో, చిక్కటి చింతపండు రసం, జూన్ కాబట్టి మామిడికాయ ముక్కలు ఇంకా దొరికాయి, చివర్లో మెంతులు ఆవాలు వేయించి కొట్టిన పొడి. మరునాటికి నూనె పైకి తేలి ముక్క పులుసు తాగి ఉంటాది, అప్పుడే అది పులుసు. ఒక ముద్ద తిని షార్డనే తాగితే ఆ వెన్నా లేదు పండూ లేదు, చప్పటి కొయ్య నీళ్ళు. కూర పులుపు వైన్ పులుపు కంటే ఎక్కువైతే వైన్ చచ్చిపోతాది, అంతే. అదే ముద్దకి ఫ్యూమే బ్లాంక్ తాగితే, నేను నిజంగా ఎదురుచూళ్ళా, పులుపుకి పులుపు తోడు దొరికి రెండూ ఒకదాన్నొకటి చల్లబరిచినాయి, మామిడికాయ ముక్క వాసన వైన్‌లోంచి మళ్ళీ లేచింది. మా ఆవిడ సగం గ్లాసుతో ఆపే మనిషి, పులుసన్నంతో రెండోసారి పోయమనింది. షార్డనేకి మాత్రం చెరువు రొయ్యలు పచ్చికొబ్బరి వేసి ఇగురు పెట్టాం, పులుపు లేకుండా, దాంతో బ్రహ్మాండంగా కుదిరింది. వంజరం ముక్క కారం తగ్గించి వేపినా పర్లేదు.

ఎర్రవి ఆదివారం. ఆర్టెమిస్ గురించి బావ వచ్చినప్పట్నించీ చెప్తానే ఉన్నాడు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన లేబుళ్ళు కనపడకుండా ఫ్రెంచి జడ్జీలకి వైన్లు పోయిస్తే, ఎర్రవాటిలో ఫ్రాన్స్ బోర్దో ప్రాంతం పెద్ద పెద్ద పేర్లని దాటి ఇదే స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వాళ్ళ 1973 కాబెర్నే మొదటికొచ్చింది, తెల్లవాటిలో ఇంకో నాపా వైనరీ షాటో మాంటెలీనా వాళ్ళ 1973 షార్డనే. నాపా పేరు ప్రపంచానికి తెలిసింది ఆ రోజుతోనే. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, స్టాగ్స్ లీప్ వైనరీ అని ఇంకోటి కూడా ఉంది, అది వేరే వాళ్ళది, పేరు దాదాపు ఒకటే కాబట్టి వైన్ సెల్లార్స్ అనే మాట చదివి కొనాల.

దీని వాసన ప్రకాశం జిల్లా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కందుకూరు వైపు మా మేనమామ వాళ్ళ ఊళ్ళో పొగాకు బ్యారన్ (ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే గది) కాల్చేటప్పుడు మూడో రోజో నాలుగో రోజో తలుపు సందులోంచి ఒక తీపి వాసన వస్తాది, ఎండిన ఆకు, కొయ్య, తేనె కలిసినట్టు. చిన్నప్పుడు ఆ గోడకి ఆనుకోని కూర్చునేవాణ్ణి. గ్లాసులో గంట సేపు ఆగినాక ఈ కాబెర్నేలోంచి సరిగ్గా అదే వాసన వచ్చింది, నాకు కాసేపు మాట రాలా. కింద బాగా పండిన నేరేడు పండు, దాంతో పాటు నేరేడు తిన్నాక పళ్ళకీ చిగుళ్ళకీ పట్టుకునే ఆ వగరు. టానిన్ టానిన్ అంటారే, అది ఆ వగరే, ద్రాక్ష తోలు, గింజ, పీపా కొయ్య నించి వస్తాది. తెరిచిన వెంటనే తాగితే వగరే ముందుంటాది, అందుకని ఓపిక పట్టండి.

మిగిలిన పులుసుతో దీన్ని ఒక గుక్క తాగి చూసినా, చూడకుండా రాయకూడదని. తుప్పు పట్టిన మేకు నాకినట్టుంది. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుముకి చేప నూనె తగిలితే ఆ నీచు వాసన లేస్తాది, వైన్ తప్పూ కాదు పులుసు తప్పూ కాదు, ఆ రెండిటికీ సంబంధం కలపకూడదు. వేటమాంసం, కొవ్వు ముక్కలు నాలుగు ఉండేట్టు చూసి మిరియాలు వేసి వేపితే మాత్రం వగరంతా కొవ్వులో కరిగిపోయి వైన్ తియ్యగా మారింది. పచ్చిమిరపకాయల కారం వద్దు, 14 శాతం దాటిన ఆల్కహాలు మీద ఆ కారం పడితే నోరు మండిపోతాది.

ఇక రిడ్జ్ లిట్టన్ స్ప్రింగ్స్. నా మనసు దీని మీదే ఉంది. సొనోమాలో డ్రై క్రీక్ వ్యాలీ వైపు వందేళ్ళ పైబడిన తీగలున్న తోట, ఎక్కువగా జిన్‌ఫాండెల్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష, దాంతో పాటు పెటిట్ సిరా, కారిన్యాన్ ఒకే తోటలో కలిసి పెరుగుతాయి. ఏది ఎంత శాతమో ముందు లేబుల్ మీదే ఉంటాది, వైన్‌లో ఏమేం వేశారో వెనక రాస్తారు, ఆ నిజాయితీకి దండం పెట్టాల. జిన్‌ఫాండెల్‌ని అమెరికా సొంత ద్రాక్ష అనుకుంటా వచ్చారు, క్రొయేషియా తీరంలో ఒక పాత తీగ కూడా ఇదేనని 2001లో డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. నాటుకోడి పులుసు, నెయ్యి దోశ, ఈ వైన్. కాబెర్నే కంటే వగరు తక్కువ, పండు ఎక్కువ, మిరియాల ఘాటు దానిలోనే ఉంది, మసాలా తగిలితే వెనక్కి పోకుండా ఇంకా ముందుకొస్తాది. మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే సోమవారం రాత్రికి ఇంకా బాగుంది, పొడి కొయ్య వాసన తగ్గి నేరేడు మిగిలింది.

లేబుల్ చదవడం బావ నేర్పించాడు, అక్కడ కొనుక్కొచ్చే చుట్టాలు ఉన్నవాళ్ళకి పనికొస్తాది. ద్రాక్ష పేరు వేస్తే ఆ ద్రాక్ష కనీసం 75 శాతం ఉండాల. నాపా వ్యాలీ, రష్యన్ రివర్ వ్యాలీ లాంటి ప్రాంతం పేరు వేస్తే 85 శాతం అక్కడి పంటే ఉండాల. ఊరికే కాలిఫోర్నియా అని ఉంటే ఆ రాష్ట్రంలో యాడ పండిందైనా కావచ్చు. 2020 నాపా ఎర్రవి చూస్తే అడిగి కొనండి, ఆ ఏడు అడవులు తగలబడి ఆ పొగ ద్రాక్షకి పట్టిందని చాలామంది ఆ ఏడాది ఎర్ర వైన్ చేయనే లేదు.

పదికి మార్కులు వెయ్యమంటే, ఊరికే తాగడానికి ఆర్టెమిస్ తొమ్మిది, షార్డనే తొమ్మిది, రిడ్జ్ ఎనిమిదిన్నర, ఫ్యూమే బ్లాంక్ ఏడు. మన అన్నం పక్కన పెడితే ఫ్యూమే బ్లాంక్, రిడ్జ్ రెండూ తొమ్మిది, షార్డనే ఆరు, ఆర్టెమిస్ ఐదు. పెట్టిన డబ్బుకి ఫ్యూమే బ్లాంక్‌ని మించింది లేదు. వచ్చే ఏడు తెచ్చే లిస్టు బావకి ఇప్పుడే రాసిచ్చినా, ఫ్యూమే బ్లాంక్ రెండు, రిడ్జ్ ఒకటి, ఆర్టెమిస్ ఒకటి. ఆ ఆర్టెమిస్ కందుకూరు తీసకపోయి మా మామకి వాసన చూపించాల.