కొత్త సంచిక అని చెప్పి ప్రింటవుట్ పంపారు: బెంగళూరు కామిక్ మిత్రులు జాగ్రత్త

బెంగళూరులో ఉంటూ ‘2000 ఏడీ’ సైన్స్ ఫిక్షన్ కామిక్ కొత్త సంచికలు ఆన్‌లైన్లో తెప్పించుకునే తెలుగు మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. పోయిన నెల 1,507 రూపాయలు కట్టి ఒక ప్రతి తెప్పించుకున్నాను. పార్సిల్లో వచ్చింది అసలు పుస్తకం కాదు. కంప్యూటర్ ఫైలుని ఎక్కడో కలర్ ప్రింట్ తీసి, పిన్నులు కొట్టి పంపారు. ప్రకటన కింద పెట్టిన పాఠకుల అభిప్రాయాలు చదివే నేను డబ్బు కట్టాను. ఆ అభిప్రాయాలు వేరే సంచికవని తర్వాత తెలిసింది. నాలాగే ఇంకెవరూ నష్టపోకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఈ పత్రిక తెలియనివాళ్ళకి ముందు రెండు మాటలు. ఇది 1977 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో మొదలైన వారపత్రిక. ఇందులో అందరికంటే పేరున్న పాత్ర, పోలీసూ న్యాయమూర్తీ తానే అయిన జడ్జ్ డ్రెడ్, రెండో సంచికలోనే వచ్చాడు. 2000 సంవత్సరం నుంచి దీన్ని రెబెలియన్ అనే సంస్థ వేస్తోంది. ఒక్కో సంచికని ‘ప్రోగ్’ అంటారు, బుధవారం బుధవారం వస్తుంది. సంపాదకుడు థార్గ్ అనే గ్రహాంతరవాసి అని మొదటి నుంచీ ఒక కల్పన నడుస్తోంది, ఉత్తరాలకి జవాబులు కూడా ఆయన పేరు మీదే ఉంటాయి. మామూలుగా ఒక ప్రోగ్‌లో ఐదు కథలుంటాయి, ఒక్కోటి ఐదారు పేజీలు. ఎక్కువ భాగం సీరియల్సే. ఒకప్పుడు ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వీక్లీల్లో ‘ఇంకా వుంది’ చూసి వారమంతా ఎదురుచూసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు.

అందుకే దీని పాఠకులు అభిప్రాయం రాసేటప్పుడు సంచిక మొత్తం గురించి ఒక్క మాట అని వదిలెయ్యరు. కథ కథకీ విడిగా రాస్తారు. డ్రెడ్ ఈ వారం ఎలా ఉంది, రెండో కథలో బొమ్మలు ఎలా ఉన్నాయి, నాలుగోది ఎందుకు సాగుతోంది, అట్ట బాగుందా లేదా. ఆ అభిప్రాయం ఆ వారానికే పనికొస్తుంది. సీరియల్ మూడో భాగం బాగుందన్నారని పదో భాగం కొంటామా? నన్ను మోసం చేసినవాడు సరిగ్గా ఇక్కడే దెబ్బకొట్టాడు.

పుస్తకాల కొనుగోలు, అమ్మకాల గ్రూపులో ఆ ప్రకటన చూశాను. అమ్మే అతను తెలుగే మాట్లాడాడు. ‘అన్నా, ఇంపోర్టెడ్ పీస్, మొన్న బుధవారం రిలీజైంది, మూడే ఉన్నాయి’ అన్నాడు. అట్ట ఫోటో కింద ఐదారు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో, నిజంగా చదివినవాళ్ళు రాసినట్టే ఉన్నాయి. ఒకరు డ్రెడ్ కథ ముగింపు చదివి నోట మాట రాలేదన్నారు. ఇంకొకరికి చివరి కథలో నలుపు, తెలుపు బొమ్మలు తెగ నచ్చాయి. ఒకరైతే రెండో కథ అసలు బాలేదని కూడా రాశారు. బాలేదన్న మాట కూడా ఉండేసరికి నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. అన్నీ పొగడ్తలే అయితే అనుమానించేవాణ్ణి.

ధర 1,150. దానికి 18 శాతం జీఎస్టీ అని 207, కొరియర్‌కి 150. యూపీఐలో కట్టేశాను. నాలుగో రోజుకి మారతహళ్ళిలో మా ఇంటికి పార్సిల్ వచ్చింది.

కవరు చింపగానే జిరాక్స్ షాపు వాసన కొట్టింది. మా ఆవిడ చేతిలోకి తీసుకుని, ‘ఇదేంటండీ, పిల్లల ప్రాజెక్టు రికార్డులా ఉంది’ అంది. అసలు ప్రోగ్‌కి నడిమి మడత మీద పిన్నులుంటాయి. దీనికి ఎడమ అంచున పైనుంచి గట్టిగా స్టేప్లర్ కొట్టారు. దాంతో లోపలి వైపు ఉన్న మాటల బుడగల్లో సగం అక్షరాలు పిన్నుల కింద నలిగిపోయాయి. డ్రెడ్ హెల్మెట్ నలుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. వేలితో రుద్దితే పొడి అంటుకుంది. ఒకచోట రెండు పేజీలు కలిపి వేసిన పెద్ద బొమ్మ ఉంది, ఎగిరే వాహనాలు, వాటి వెనక నగరం. ఎదురెదురు పేజీల్లో పడాల్సిన ఆ బొమ్మ ఎడమ సగం కాగితానికి ముందు వైపు, కుడి సగం అదే కాగితానికి వెనక వైపు పడింది. ఆ బొమ్మ వేసిన ఆర్టిస్టు దానికి ఎన్ని రోజులు కూర్చున్నాడో! దాన్ని కాగితం తిప్పితిప్పి చూడాల్సి వచ్చింది. నాకు డబ్బు పోయినదానికంటే ఇదే ఎక్కువ బాధగా అనిపించింది.

పద్నాలుగో పేజీ కింద, కుడి మూలలో, సన్నగా ‘14/36’ అని ఉంది. అది పుస్తకంలో వేసిన పేజీ నంబరు కాదు. స్క్రీన్ మీద ఫైలు చదివేటప్పుడు మూలలో కనిపించే లెక్క. ఆ ఒక్క పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఇరికించారన్నమాట.

ఇక అభిప్రాయాల సంగతి. నాకొచ్చిన ప్రతిలో డ్రెడ్ కథ పైన ‘మూడో భాగం’ అని ఉంది. ముగింపు గురించి అంత గొప్పగా రాసిన మనిషి ఏ ముగింపు చదివినట్టు? హైదరాబాద్‌లో మా మేనమామ కొడుకు ఈ పత్రికని డిజిటల్లో ఏళ్ళుగా కొంటున్నాడు. స్క్రీన్‌షాట్లు పంపితే పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. ‘ఇది ఈ వారం మాట కాదురా బావా, ఈ కథ అయిపోయి రెండేళ్ళవుతోంది’ అన్నాడు. జాగ్రత్తగా చూస్తే ప్రతి స్క్రీన్‌షాట్‌లోనూ పై భాగం కత్తిరించి ఉంది. ప్రోగ్ నంబరు, తేదీ ఉండేది అక్కడే. నిజమైన పాఠకులు నిజాయితీగా రాసుకున్న మాటల్ని తీసుకొచ్చి వేరే సరుకు మీద అతికించాడు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే మొదట ‘ఇండియన్ ప్రింట్ అన్నా, ఇలాగే ఉంటుంది’ అన్నాడు. ఇండియన్ ప్రింట్ అయితే ఇంపోర్టెడ్ అని ఎందుకు చెప్పావని అడిగితే మాట మార్చాడు. ‘మీరు మంచి రివ్యూ ఒకటి పెట్టండి, కొరియర్ చార్జీ 150 వెనక్కిచ్చేస్తా’ అన్నాడు. కుదరదన్నాను. ఆ సాయంత్రమే నన్ను బ్లాక్ చేశాడు.

జీఎస్టీ విషయం కూడా తర్వాతే తెలుసుకున్నాను. అచ్చయిన పుస్తకాలకి, పత్రికలకి మన దేశంలో జీఎస్టీ సున్నా. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్లో 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు, అది వేరే లెక్క. కామిక్ మీద 18 శాతం జీఎస్టీ అని ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోండి.

ఈసారి ఎవరైనా కొనేటప్పుడు ముందు ప్రోగ్ నంబరు అడగండి. నంబర్లు మొదటి నుంచీ వరసగా నడుస్తున్నాయి. 2000వ ప్రోగ్ 2016 సెప్టెంబరులో వచ్చింది, ఏడాదికి దగ్గర దగ్గర యాభై వేసుకుంటే ఏ నంబరు ఏ కాలానిదో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ‘తాజా సంచిక’ అన్నవాడు చెప్పే నంబరు ఈ లెక్కకి దూరంగా ఉంటే అది తాజాది కాదు. పాఠకుల అభిప్రాయాలు చూపిస్తే అవి ఏ నంబరు గురించి రాసినవో అడగండి, పై భాగం కత్తిరించని స్క్రీన్‌షాట్ పంపమనండి. అందులో చెప్పిన కథల పేర్లు మీరు కొనే సంచికలో ఉన్నాయో లేదో లోపలి పేజీ ఫోటో తెప్పించుకుని సరిపోల్చండి. మధ్య పేజీ తెరిచి పిన్నులు కనిపించేలా వీడియో తీయమనండి. అసలు పుస్తకం ఉన్నవాడికి అది నిమిషం పని. ఇంగ్లండ్‌లో బుధవారం వచ్చిన సంచిక అచ్చు కాపీలు అదే వారాంతానికి మన బెంగళూరులో మూడు ఉన్నాయన్నా నమ్మకండి.

తాజాది వెంటనే చదవాలంటే ప్రచురణకర్తల సొంత వెబ్‌సైటులోనే డిజిటల్ ప్రతి దొరుకుతుంది. కొన్నాక పీడీఎఫ్ మన దగ్గరే ఉండిపోతుంది, తెరవకుండా ఆపే డిజిటల్ తాళాలేమీ ఉండవు. నాకు కాగితం మీద చదవడమే ఇష్టం. ఇకమీదట చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో సంకలనాలు వెతుక్కుంటాను. వెంటనే దొరక్కపోవచ్చు, కానీ చేతిలోకి తీసుకుని తిరగేసి కొనొచ్చు. ఇంకో మాట, ఆ ప్రకటనలో ‘పిల్లల కామిక్’ అని కూడా పెట్టారు. జడ్జ్ డ్రెడ్‌లో హింస చాలా ఉంటుంది, ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతిలో పెట్టేది కాదు. పుట్టినరోజు కానుక అనుకుని కొనేవాళ్ళు ఇది గమనించండి.

మోసపోయినవాళ్ళు ఊరుకోకండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు తానే కొన్నవాడిలా నటించి రివ్యూలు పెట్టకూడదు, సరుకు నాణ్యత గురించి తప్పుగా చెప్పకూడదు. ఆన్‌లైన్ రివ్యూల కోసమే 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని కూడా తెచ్చారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, డబ్బు మోసమైతే సైబర్ ఫిర్యాదుకి 1930. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉన్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. నేను రెండు నంబర్లకీ ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. యూపీఐ రసీదు, చాట్, స్క్రీన్‌షాట్లు, పార్సిల్ కవరు మీద చిరునామా అన్నీ దాచిపెట్టాను. మీరూ కవరు పారెయ్యకండి.

అమ్మినవాడు ఉన్నాయన్న ఆ మూడు కాపీల్లో మిగతా రెండూ బెంగళూరులోనే ఎవరి దగ్గరో ఉండి ఉండాలి. ఈమధ్య గ్రూపుల్లో ఈ కామిక్ కొన్నవాళ్ళు ఒక్కసారి పద్నాలుగో పేజీ తీసి కింద కుడి మూల చూడండి. ‘14/36’ కనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, నా ఫిర్యాదు నంబరు పంపుతాను. మీ ఫిర్యాదులో దాన్ని కూడా రాయండి.