థీఫ్ అండ్ ద కాబ్లర్ రీకాబుల్డ్ కట్: బొమ్మ సగంలో ఆగింది, అయినా చూడాల్సిందే

ముందే చెప్తున్నా, ఇది థియేటర్లో రిలీజైన వెర్షన్ గురించి కాదు. రిచర్డ్ విలియమ్స్ అనే యానిమేటర్ ఈ కార్టూన్ సినిమాని లండన్‌లో 1964లో మొదలెట్టి ఏళ్ళతరబడి చేత్తో గీయిస్తూనే ఉన్నాడు, ఇంకో పావుగంట సినిమా మిగిలుందనగా 1992లో బడ్జెట్టూ టైమూ దాటిపోయాయని, సినిమా పూర్తవుతుందని పూచీ పడ్డ బాండ్ కంపెనీ లాగేసుకుని వేరేవాళ్ళతో చవగ్గా చుట్టించేసింది, పాటలు కూడా ఇరికించారు. ఆ తర్వాత గారెట్ గిల్‌క్రిస్ట్ అనే అభిమాని దొరికిన ముక్కలన్నీ ఏరుకొచ్చి విలియమ్స్ అనుకున్న వరసలో మళ్ళీ అతికించాడు, అదే ఈ కట్. నేను చూసింది 2013 నాటి మార్క్ 4, అంటే నాలుగో వెర్షన్.

మా పర్లాకిమిడిలో ఇంట్లోనే టీవీకి ఎక్కించి చూశాం. నాన్నకి తెలుగూ ఒడియా తప్ప ఇంకేటీ రాదు, అయినా ఎక్కడా ఇబ్బంది పడలేదు, ఎందుకంటే ఇందులో దొంగ నోరే విప్పడు, చెప్పులు కుట్టే కుర్రాడిదీ దాదాపు అంతే. ఆ కుర్రాడి పెదాల మధ్య రెండు మేకులుంటాయి, అవి పైకి లేస్తే నవ్వు, కిందికి వాలితే దిగులు, ఇంకేం అక్కర్లేదు అసలు! రిలీజ్ వెర్షన్‌లో వీళ్ళిద్దరికీ వాగుడు తగిలించారు, ఎందుకో మరి.

గీత సంగతి. మామూలుగా ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు లాగించి సెకనుకి 12తో సరిపెట్టేస్తారు, విలియమ్స్ చాలా చోట్ల 24కి 24 గీయించాడు, కంప్యూటర్ లేకుండా. నలుపు తెలుపు గళ్ళ ప్యాలెస్‌లో దొంగని తరిమే సీన్‌లో ఏది గోడో ఏది నేలో తెలీదు. చివర్లో శత్రువుల యుద్ధ యంత్రం మొత్తం కూలిపోతుంటే దొంగ మధ్యలోంచి బంగారు బంతుల కోసం తాపీగా నడుచుకుంటూ పోతాడు, అది రెండుసార్లు వెనక్కి తిప్పాం.

మైనస్ ఉంది. ఒక షాట్ అద్దంలా ఉంటే పక్క షాట్ పాత వీడియో క్యాసెట్‌లా మసగ్గా వస్తుంది, రంగులు కూడా మారిపోతాయి. పూర్తికాని చోట్ల ఉట్టి పెన్సిల్ బొమ్మలే, కొన్నిచోట్ల కదలని స్కెచ్‌లు. గిల్‌క్రిస్ట్ అవేవీ దాచలేదు, నాకైతే అదే నచ్చింది. మా మామయ్య కొమ్ముతో కొంగలు, రొయ్యలు చెక్కుతాడు, పెన్సిల్ ముక్క రాగానే పాజ్ చెయ్యమని దగ్గరికెళ్ళి చూసి "దీనికి రంగెయ్యకపోవడమే మంచిదయ్యిందిరా, చెయ్యి ఎలా తిరిగిందో కనబడతంది" అన్నాడు. కథ మాత్రం పల్చన, యువరాణి సీన్లు వస్తే నాన్న టీకి లేచిపోయాడు. మంత్రి జిగ్‌జాగ్‌కి విన్సెంట్ ప్రైస్ గొంతు, అన్నీ ప్రాసలోనే మాట్లాడతాడు, ఇంగ్లీష్ వస్తే ఆ మజా వేరు.

ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉంది, కాకపోతే 2006 నాటి పాత కట్ కూడా తిరుగుతుంటుంది, మార్క్ 4 అని చూసుకుని పెట్టండి. ఫోన్‌లో చూస్తే దండగ. నా రేటింగ్ 4/5, పోయిన ఆ ఒక్కటీ యువరాణి ఖాతాలో.