అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఏది మేలు: సొసైటీల చట్టమా, మాక్స్ చట్టమా?

కొత్త అపార్ట్‌మెంట్‌లో చేరిన స్నేహితులు వరసగా ఇదే అడుగుతున్నారు: అసోసియేషన్‌ని ఏ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి? ఫీజు ఎంత, ఎన్నాళ్లు పడుతుందని ఆరా తీస్తారు. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను. రేపు కమిటీ లెక్కలు చూపించకపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు?

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం అందరికీ అలవాటైన దారి. ఏడుగురు సభ్యులు, బైలాస్ (సంఘం రాసుకునే నియమాలు) ఉంటే చాలు. మాదీ దీని కిందే. పెయింటింగ్‌కని పెద్ద ఖర్చుల కోసం అందరం కలిపి దాచిన కార్పస్ ఫండ్‌లోంచి తీసిన డబ్బుకి బిల్లులు అడిగితే ‘జనరల్ బాడీలో చెప్తాం’ అన్నారు. పద్నాలుగు నెలలైనా ఆ జనరల్ బాడీ పెట్టలేదు. రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే, సభ్యుల గొడవలు తేల్చడం మా చేతిలో లేదన్నారు. ఆ మాట నిజమే. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం మనమే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి, అంటే ఆర్బిట్రేషన్‌కైనా పోవాలి, జిల్లా కోర్టులో దరఖాస్తయినా వేసుకోవాలి. మా పై ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ ‘ఇందులో నా వాటా పన్నెండు వేలు బాబూ, లాయరుకే అంతకు మించి అవుతుంది’ అని ఆగిపోయారు. పైగా కమిటీ తరఫు లాయరుకిచ్చే ఫీజూ మనం కట్టే మెయింటెనెన్స్‌లోంచే పోతుంది. అడిగినవాడు రెండు వైపులా ఖర్చు భరించాలన్నమాట.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అదే మాక్స్, ఈ ఒక్క విషయంలో నయం. కనీసం పదిమంది కావాలి, కాగితాల పని కాస్త ఎక్కువ. కానీ సభ్యుల్లో తగినంతమంది సంతకాలు పెట్టి అడిగితే సహకార శాఖ విచారణ జరిపించే దారి చట్టంలోనే ఉంది. తగాదాలకు ట్రిబ్యునల్ ఉంది. అయితే సంఘాల మీద సర్కారు పెత్తనం తగ్గించడానికే పుట్టిన చట్టం ఇది. ఎన్నికలు బోర్డే జరుపుకుంటుంది. అందుకే ఇది కూడా చాలదంటాను. అయినా ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాక్స్ వైపే వెళ్లమని చెప్తాను.

మూడో దారి 1964 సహకార చట్టం. అందులో అధికారాలన్నీ శాఖ చేతిలోనే ఉంటాయి. అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి అంత బరువు అక్కర్లేదు. ఇక రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా పట్టుకునేది బిల్డర్‌ని, కమిటీని కాదు.

ప్రభుత్వం వేలు పెడితే జీతం లేని పదవికి ఎవరు ముందుకొస్తారని మా ట్రెజరర్ అంటారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, నిజాయితీగా చేసే మనిషి. కానీ బయటివాళ్లు చూసి ‘లెక్క సరిగ్గా ఉంది’ అంటే వాట్సాప్ గ్రూపులో రోజూ నిందలు పడే బాధ తప్పేది ఆయనకే. మహారాష్ట్రలో 2019లో సహకార చట్టానికి హౌసింగ్ సొసైటీల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కూడా ఫ్లాట్ యజమానుల సంఘాల కోసం అలాంటిది తేవాలి. విచారణకు గడువు, లెక్కలు దాచిన కమిటీకి జరిమానా అందులో ఉండాలి.

అప్పటిదాకా సొసైటీల చట్టం కింద ఉన్నవాళ్లు బైలాస్ అయినా మార్చుకోవాలి. పదోవంతు మంది సంతకం చేస్తే బయటి సీఏతో ఆడిట్ చేయించాల్సిందేనని మేం తీర్మానం రాశాం. సంతకాలు సేకరిస్తున్నాం, మొదటి సంతకం టీచరమ్మదే.